సగములో ఆగిన అల్లిక

తెలుగు వ్యాకరణములో ‘ఆగు’ అన్నది చిన్న క్రియ. ‘పని ఆగినది’ అంటే ఎవరు ఆపినారో చెప్పవలసిన అవసరము లేదు. ‘పని ఆపినాను’ అంటే ఆపిన చేయి నాదే. ‘పని ఆపించినారు’ అంటే చేయి నాదే అయినా మాట మరొకరిది. అకర్మక, సకర్మక, ప్రేరణార్థక క్రియల భేదమును తరగతిలో బోధించునపుడు మేము వెదకు ఉదాహరణములన్నింటికంటె మంచి ఉదాహరణము మన ఇండ్లలోని పెట్టెల అడుగున ఉన్నది. అది సగము అల్లి వదలిన క్రోషియా లేసు. ఆ లేసులలో కొన్ని ఆగినవి, కొన్ని ఆపినవి, కొన్ని ఆపించినవి. మూడింటిని ఒకే మూటలో కట్టి ‘మా అమ్మాయికి ఏ పనీ పూర్తి చేసే అలవాటు లేదు’ అని తీర్పు చెప్పుట న్యాయము కాదని మా అభిప్రాయము.

నెల్లూరు కోటమిట్టలో గాని, కావలిలో గాని, సముద్రపు టొడ్డున మైపాడు, కృష్ణపట్నము వైపు గ్రామములలో గాని పాత ట్రంకుపెట్టె తెరచి చూచినచో ఇట్టి లేసు ఒకటైనా కనబడుట అరుదు కాదు. ఖ్వాన్‌పోష్‌కు తలపెట్టిన గుండ్రని ముక్క, దస్తర్ఖానుకు మూడు వైపుల మాత్రమే అల్లిన అంచు, నాలుగు వరుసల దగ్గర నిలిచిన టోపీ, జంట దిండ్లలో ఒకదానికి మాత్రమే అమరిన గలీబు, ఇవి మన పెద్దల తరమునాటివి. నేటి విద్యార్థినులు సెల్‌ఫోనులో చూచి అల్లుచున్న చెవులు లేని కుందేళ్లు, పిడి లేని చేతిసంచులు వాటి ప్రక్కనే చేరుచున్నవి. వస్తువులు మారినవి; సగము మాత్రము మారలేదు.

ఇది ఆడపిల్లల వ్యవహారమని విద్యార్థులు పుట త్రిప్పివేయనక్కరలేదు. మన తీరములో వల అల్లువారు, చినిగిన వలను ఇసుకమీద కూర్చుండి బాగుచేయువారు ఎక్కువగా పురుషులే. వల ఏనాడూ పూర్తి అయిన వస్తువు కాదు. వేటకు పోయి వచ్చిన ప్రతిసారి ఎక్కడో ఒకచోట తెగుతుంది, మరల చేతికి వస్తుంది. అయినా వల పూర్తి కాలేదని ఏ మత్స్యకారుని ఎవరూ ఎత్తిపొడువరు. ఇంటిలో లేసు పూర్తి కాకున్న మాత్రము ఆడపిల్లకు మాట పడుతుంది. ఈ భేదము ఆలోచింపదగినది.

ముందుగా ఈ అల్లిక తీరును కొంచెము తెలిసికొనవలెను. క్రోషే అన్న ఫ్రెంచి మాటకు చిన్న కొక్కెము అని అర్థము. ఆ మాటయే మన ఇండ్లలో క్రోషియా అయినది. ఐరోపాలో ఈ కళ విస్తారముగా వ్యాపించినది 19వ శతాబ్దములో. ఐర్లండులో 1845 నుండి వచ్చిన ఘోరమైన కరవులో ఎన్నో పేద కుటుంబములను ఈ కొక్కెమే ఆదుకొన్నది. దీనికి కావలసినవి ఒక సూది, ఒక దారము. సూది కొనలోని కొక్కెముతో దారమును ఒక ఉచ్చులోనుండి లాగి మరొక ఉచ్చు చేయుటయే పని అంతయు. ఊలుతో స్వెట్టరు అల్లునపుడు వరుసలోని కుట్లన్నియు సూదిమీద తెరచియే ఉంటవి. సూది జారితే ఒక్కొక్కటిగా వీడిపోవును. క్రోషియాలో అట్లు కాదు. వెనుకటి కుట్లన్నియు మూసుకొనిపోయి, ఏ క్షణమందైనా ఒకే ఒక ఉచ్చు తెరచి ఉంటుంది. ఆ ఒక్క ఉచ్చును కాపాడితే పదేండ్లు పెట్టెలో ఉన్నా అల్లిక చెక్కుచెదరదు. ఆ ఒక్కటి జారి, ఎవరైనా దారము కొస పట్టి లాగితే అల్లినదంతయు మరల దారమై ఒడిలో పడుతుంది.

ఈ అల్లికలోని సుఖమునకు, కష్టమునకు మూలము ఈ ఒక్క ఉచ్చే. ఎక్కడనైనా ఆపవచ్చును, కావుననే ఎక్కడబడితే అక్కడ ఆగిపోతుంది.

సుఖమును ముందు చెప్పుదుము. క్రొత్త దారపు ఉండ విప్పి మొదటి గొలుసు కుట్లు వేయునపుడు మనస్సులో ఉన్న వస్తువుకు లోపమే ఉండదు. పూర్తి అయిన ఏ లేసూ అంత అందముగా ఉండబోదు. ఆ కొద్దిపాటి గర్వము అల్లువారి హక్కు. ఇక రెండవ సుఖము, ఈ పని కాలపు పగుళ్లలో ఇముడుతుంది. అన్నము ఉడుకువరకు రెండు వరుసలు, నెల్లూరు నుండి కావలి చేరువరకు బస్సులో నాలుగు వరుసలు, ఆసుపత్రి వరండాలో వంతు వచ్చువరకు ఒక పూవు. చేయి కదులుచుండగా మాట సాగవచ్చును, పాఠము వల్లెవేయవచ్చును, ఊరక మౌనముగానైనా ఉండవచ్చును.

మూడవ సుఖము మిగిలిన చేతిపనులలో అరుదు. దర్జీ కత్తెర తప్పిన గుడ్డ మరల ఒకటి కాదు. వడ్రంగి కోసిన కొయ్య అతుకదు. క్రోషియాలో తప్పు వచ్చినచో విప్పవచ్చును. దారము నష్టము కాదు; పోయినది మన కాలము మాత్రమే. విప్పిన దారము కొంత ముడతలు పడి ఉంటుంది. నీటిలో తడిపి ఆరవేసినచో సరి అవుతుంది. చేసిన పనిని మరల మొదటికి తెచ్చుకొనగల ఈ స్వేచ్ఛ పరీక్ష పత్రముమీద మన విద్యార్థులకు లేదు. జీవితములో పెద్దలకును లేదు.

నాలుగవది, పూర్తి కాని వస్తువుకు ఇంకను భవిష్యత్తు ఉన్నది. అరచేయి వెడల్పున ఆగిన గుండ్రని ముక్క టోపీ కావచ్చును, పళ్లెము మీది మూత కావచ్చును, సంచికి అడుగు కావచ్చును. పూర్తి అయిన టోపీ టోపీయే. తమ డిగ్రీ చదువు తమ్మునేమి చేయబోవునో ఇంకను తెలియని పందొమ్మిదేండ్ల పిల్లలకు ఈ మాట మేము వివరింపనక్కరలేదు.

ఇక కష్టములు. వీనిలో మొదటిది లెక్కల కష్టము. ఇది తెలియకనే చాలమంది తమ్ము తామే సోమరులని నిందించుకొనుచున్నారు. గుండ్రని లేసు మొదటి వరుసలో 12 కుట్లు అనుకొందము. అది చదునుగా రావలెనంటే ప్రతి వరుసకును మరి 12 కుట్లు పెంచవలెను. 10వ వరుసలో 120 కుట్లు, 20వ వరుసలో 240. మొత్తము 20 వరుసల లేసు తలపెట్టి 10 వరుసలు అల్లినవారు ‘సగము అయినది’ అనుకొందురు. లెక్క చూచినచో మొదటి 10 వరుసలకు 660 కుట్లు. 20 వరుసలకు 2,520. అనగా జరిగినది సగము కాదు, నాలుగవ వంతు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. మొదట పూటకు మూడు వరుసలు సాగిన చేయి, ఇప్పుడు అంతే కుట్లు వేయుచున్నను, ఒక వరుస కూడ ముగింపలేకపోతుంది. చేయి మందగించలేదు, దారి పొడుగైనది. సరిగా ఈ చోటనే ఎన్నో లేసులు పెట్టె చేరుచున్నవి.

రెండవది దారపు కష్టము. అయిపోయిన ఉండకు జోడు తెచ్చునప్పటికి అంగడిలో అదే రంగు వేరొక ఛాయలో ఉంటుంది. తెలుపులో కూడ ఎన్ని తెలుపులో! దారపు నంబరు వ్రాసికొననివారు సన్నపు దారమునకు లావు దారము కలిపి అంచును ముడుచుకొనిపోవునట్లు చేసికొందురు. మూడవది చేతి కష్టము. ఆరు నెలల తర్వాత మరల పట్టిన చేయి పాత చేయి కాదు. నాటి కుట్టు వదులు, నేటి కుట్టు బిగువు. ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైనదో లేసుమీద గీత గీచినట్లు తెలుస్తుంది. నాలుగవది మన తీరపు కష్టము. ఉప్పు గాలికి ఉక్కు సూది త్రుప్పు పడుతుంది. ఉచ్చు జారకుండ గ్రుచ్చిన పిన్నీసు కూడ త్రుప్పు పట్టి, తెల్లని లేసుమీద పసుపు మరక వేస్తుంది. ఆ మరకను చూచి పనికి రాదని పారవేయుచున్నారు.

ఇన్ని కష్టములున్నప్పుడు మానుటయే మేలు కదా అని కొందరనవచ్చును. మన పాఠ్యపుస్తకములు వేరొక తీర్పు చెప్పినవి. భర్తృహరి సుభాషితమును, దానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యమును చదువని విద్యార్థి లేడు. విఘ్నములకు జడిసి పని మొదలే పెట్టనివారు అధములు, మొదలుపెట్టి నడుమ విడుచువారు మధ్యములు, ఎన్ని అడ్డంకులు వచ్చినా విడువనివారు ఉత్తములు అని దాని సారము. గొప్ప మాటయే. కాని అది ‘ఆపిన’ వారిని గూర్చి చెప్పినది. ‘ఆపించిన’ వారిని గూర్చి అందులో లేదు. ఆగిన పనిని మరియొకరు అందుకొనుటను గూర్చియు లేదు.

ఆ రెండవ మాట మనకు నెల్లూరే నేర్పినది. తెలుగులో అతి గొప్ప అసంపూర్ణ రచన ఏది? 11వ శతాబ్దములో నన్నయ ప్రారంభించిన మహాభారతము. ఆది, సభా పర్వములు ముగించి, అరణ్యపర్వము నడుమ ఆయన కలము ఆగినది. 13వ శతాబ్దములో మన నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని తిక్కన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములు రచించి, అరణ్యపర్వశేషమును అట్లే ఉంచినాడు. 14వ శతాబ్దములో ఎఱ్ఱన వచ్చి ఆ ఖాళీని పూరించినాడు. పూరించుటలో ఆయన చూపిన మర్యాద చూడుడు. తన భాగమును తన ప్రభువునకు అంకితము చేయలేదు. నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రుని పేరనే చెప్పినాడు. నన్నయ శైలితో మొదలుపెట్టి తిక్కన శైలి దగ్గరకు నడిపించినాడని విమర్శకులు మెచ్చుకొందురు. క్రోషియా భాషలో చెప్పవలెనంటే, మొదటి చేతి వదులును, మూడవ చేతి బిగువును గమనించి నడిమి వరుసలను అతుకు తెలియకుండ అల్లినాడు. ముగ్గురి చేతులు, సుమారు మూడువందల సంవత్సరములు. నన్నయను నడుమ విడిచినవాడని నిందించినవారెవ్వరు? సగములో ఆగుట అవమానము కాదు. అందుకొను చేయి లేకపోవుటయే లోటు.

ఇప్పుడు మన తీరము వెంట ఉత్తరముగా గోదావరి డెల్టా వరకు పోవుదము. తెలుగునాట క్రోషియా లేసుకు పేరుపడిన చోటు నరసాపురము. 1844 ప్రాంతమున క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు ఈ పని నేర్పినారని చెప్పుదురు. 1899 నాటి కరవును, 1929 నాటి ఆర్థికమాంద్యమును తట్టుకొని ఆ పరిశ్రమ నిలిచినది. 2024 మార్చిలో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆనాటి లెక్కల ప్రకారము పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాలలో 19 మండలములలో 15,000 మందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారు. వారి చేతి బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుప్పట్లు జర్మనీ, ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా ఇండ్లకు పోవుచున్నవి. సంతోషింపదగిన విషయమే.

అయితే ఆ లేసు ఎట్లు తయారగునో చూడవలెను. జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1982లో లండనులో వెలువడినది. అందులో ఆమె వర్ణించిన పద్ధతి ఇది. కొందరు స్త్రీలు ‘చేతిపని’ చేయుదురు, అనగా విడివిడి పూవులు అల్లుదురు. మరికొందరు ‘అతుకుపని’ చేయుదురు, అనగా ఆ పూవులను ఒకదానికొకటి కలుపుదురు. దారము ఇచ్చువాడు, పూవులు తీసికొనిపోవువాడు నడిమి ఏజెంటు. అమ్మువాడు వర్తకుడు. పూవు అల్లిన ఆమెకు బల్లగుడ్డ తెలియదు. బల్లగుడ్డ పరచుకొన్న ఇల్లాలికి పూవు అల్లిన ఆమె తెలియదు. వేల పూవులు అల్లినను ఆమె చేతిలో ఒక్క లేసు కూడ పూర్తి కాదు. మన పెట్టెలలోని సగము లేసు మన ఇష్టమువలననో బద్ధకమువలననో సగము. ఆమెది ఏర్పాటుచేతనే సగము.

మీస్ మరియొక సంగతిని పట్టి చూపినది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుచున్నను ఆ స్త్రీలను పనివారని ఎవరూ అనలేదు. వారు ‘గృహిణులు’, వారు చేయునది ‘తీరిక వేళ పని’. ఆ ఒక్క మాటతో కూలి తగ్గిపోయినది. పొలము పనికి వచ్చు కూలికంటె కూడ వారికి వచ్చునది చాల తక్కువగా ఉండెను. మాట ఎంత బలమైనదో భాష చెప్పువారముగా మేము ఎరుగుదుము. ఎనిమిది గంటల శ్రమకు తీరిక అని పేరు పెట్టిన నాడు ఆ శ్రమ లెక్కలోనుండి మాయమగును. అదే మాటను మన ఇండ్లలో కూడ వాడుచున్నాము. కూతురు అల్లినచో ‘కాలక్షేపము’; పూర్తి చేయనిచో ‘సోమరితనము’. కాలక్షేపమే అయినచో పూర్తి చేయవలెనని నిర్బంధమెందుకు? పనియే అయినచో దానికి ఒక గంట, ఒక చోటు, ఒక విలువ ఇవ్వలేదేమి?

కూలికి అల్లు స్త్రీ సగములో ఆపలేదు, గడువు ఉన్నది. విప్పి మరొకటి అల్లుకొనలేదు. దారము ఆమెది కాదు. బుద్ధి పుట్టినపుడు దాచుకొనలేదు. పూవు లెక్కకు రావలెను. కావున ఆపగలుగుట ఒక భాగ్యము. ఆ భాగ్యము అనుభవించు మన పిల్లలు సిగ్గుపడనక్కరలేదు. ఆ భాగ్యము లేనివారి చేతి లేసును బజారులో చూచినప్పుడు మాత్రము వెల తగ్గించమని గట్టిగా బేరమాడకుండ ఉండవలెను.

ముక్కలుగా పంచుకొన్న పని ఎప్పుడును అన్యాయము కానక్కరలేదు. మనకు దక్షిణముగా ఉన్న చెన్నైలో 2016లో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అను స్త్రీల బృందము ఎవరి ఇంటిలో వారు అల్లిన ముక్కలను తెచ్చి ఒకచోట కలిపి 11,148 చదరపు మీటర్ల కంబళి పరచినది. గిన్నిస్ రికార్డు పొందినది. అక్కడ కూడ ఒక్కొక్కరు అల్లినది ముక్కయే. కాని ఆ ముక్క ఎక్కడికి చేరునో అల్లినవారికి తెలియును. అందరూ నిలబడి తమ పని మొత్తమును కన్నులార చూచినారు. భాగమైనను సరే, మొత్తమును చూచు హక్కు ఉన్నచో చేతికి తృప్తి కలుగును.

ఇక మూడవ క్రియకు వత్తుము: ఆపించుట. మన ఇండ్ల లేసులలో హెచ్చు భాగము ఈ కోవకు చెందినదే. సంబంధము కుదిరినది, అల్లిక ఆగినది. అత్తవారింటికి పోవునపుడు పూర్తి అయిన గలీబులు సామానుతో పోయినవి. సగము గలీబు పుట్టింటి పెట్టెలో నిలిచినది. ఇంటిలో ఒకరికి జబ్బు చేసినది, సూది గూటిలోకి పోయినది. ‘పరీక్షలు కానీ, తర్వాత చూతాము’ అన్నారు. పరీక్షలు అయినవి, తర్వాత రాలేదు. వీనిని ఆ పిల్ల ఆపలేదు. అయినా లేసుమీద ఎవరు ఆపించినారో వ్రాసి ఉండదు గనుక నింద ఆమెకే మిగులును.

లేసు పోయినచో పోనిండు, దారమే కదా అనవచ్చును. లేసుతోపాటు అదే రోజున అదే కారణముచేత మరియొకటి కూడ ఆగుచున్నది. దానిని గూర్చి చెప్పుటకే ఇంత దూరము వచ్చినాము. రెండవ సంవత్సరము హాజరుపట్టీ పిలుచునపుడు మొదటి సంవత్సరములో పలికిన కొన్ని పేర్లు పలుకవు. కొన్నాళ్లు ‘రాలేదు’ అని వ్రాయుదుము, తర్వాత ఎర్ర గీత గీయుదుము. గీత గీచునపుడు ‘ఆగినది’ అని మాత్రమే మన రికార్డు చెప్పును. ఆపినదా, ఆపించినారా అన్న కాలమ్ ఆ పట్టీలో లేదు. విద్యార్థులకును ఇట్టి గతి కలదు. తండ్రి పడవకో అంగడికో తోడు కావలసివచ్చి మానినవారిని మేము ఎరుగుదుము.

చదువుకు కూడ ఒక్క ఉచ్చు మాత్రమే తెరచి ఉంటుందని మా భావన. వెనుకటి పరీక్షలు కుట్లవలె మూసుకొని భద్రముగా ఉన్నవి. చివరి ఉచ్చు జారకుండ ఎవరో ఒకరు పట్టుకొనవలెను. ఆ పట్టుకొను ఏర్పాట్లు దేశములో లేకపోలేదు. మీస్ గ్రంథము వెలువడిన 1982లోనే హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చినది. 2020 నాటి జాతీయ విద్యా విధానము ఒక సంవత్సరము చదివి ఆగినవారికి సర్టిఫికెట్టు, రెండు సంవత్సరములు చదివినవారికి డిప్లొమా ఇచ్చి, మరల వచ్చి చేరుటకు వీలు కల్పింపవలెనన్నది. సగమునకు కూడ పేరు, విలువ ఉండవలెనని ప్రభుత్వపు కాగితమే ఒప్పుకొన్నది. ఇంటివద్ద ఉన్న ఆ పిల్లకు ఈ సంగతి చెప్పువారు కావలెను.

కావున విద్యార్థినీ విద్యార్థులకు మా సలహా మూడు మాటలు. అల్లిక ఆపునపుడు చివరి ఉచ్చును కొంచెము పెద్దదిగా లాగి, అందులో రంగు దారపు ముక్క దూర్చి ముడివేయుడు. పిన్నీసు వద్దు, త్రుప్పు పట్టును. చిన్న కాగితముమీద దారపు నంబరు, సూది నంబరు, ఎన్నవ వరుస, తర్వాత ఏమి చేయవలెను అన్నవి వ్రాసి లేసుతోనే ఉంచుడు. ఏడాదికొకసారి పెట్టె తెరచి ప్రతి ముక్కకు ఒక నిర్ణయము చేయుడు: పూర్తి చేయుదునా, విప్పి దారము చేసికొందునా, మరియొకరికి ఇత్తునా? ఈ మూడును గౌరవమైన ముగింపులే. నిర్ణయము లేకుండ మూత వేయుట ఒక్కటే తగదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు నాలుగు. ఒకటి, వారమునకు ఒక పీరియడు చేతిపనికి కేటాయింపుడు. అందులో ఉర్దూ, తెలుగు విభాగముల పిల్లలు కలిసి కూర్చుందురు. రెండు, వార్షికోత్సవ ప్రదర్శనలో పూర్తి అయిన వస్తువుల ప్రక్కన పూర్తి కాని వాటికి కూడ ఒక బల్ల వేయింపుడు. ప్రతి ముక్కకు పైన చెప్పిన కాగితము కట్టి ఉంచవలెను. మూడు, ఆ బల్లమీది ముక్కను ఇష్టపడినవారు తీసికొనిపోయి పూర్తి చేసి మరుసటి ఏడు తేవచ్చును. అప్పుడు దానిమీద ఇద్దరి పేర్లును వ్రాయవలెను, ఎఱ్ఱన పాటించిన మర్యాద అదియే. ఈ మూడింటికి బల్ల, దారము తప్ప ఖర్చు లేదు.

నాలుగవ విన్నపము ముఖ్యమైనది. గడచిన మూడు సంవత్సరములలో ఎర్ర గీత పడిన పేర్లన్నింటిని ఒక పట్టీగా వ్రాసి, ఫీజు గడువునకు నెల రోజులు ముందుగా ప్రతి ఇంటికి ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి ఉత్తరము పంపవలెను. ఏ సంవత్సరము వరకు చదువు అయినది, ఏ పరీక్షలు మిగిలినవి, ఎట్లు మరల చేరవచ్చును, కళాశాలకు రాలేనిచో సార్వత్రిక విధానములో ఏమి చేయవచ్చును అన్నవి అందులో స్పష్టముగా ఉండవలెను. నింద ఒక్క మాట కూడ ఉండకూడదు. సాధ్యమైనచోట ఒక అధ్యాపకురాలు ఆ ఇంటికి పోయి తల్లిదండ్రులతో, పెండ్లి అయినచో అత్తమామలతో మాటలాడవలెను. అందరూ తిరిగి రారు. పదిమందిలో ఇద్దరు వచ్చినను, పెట్టె అడుగున ఆగిన రెండు అల్లికలు మరల చేతికి వచ్చినట్లే.

ఉత్తరములు రెండు భాషలలో వ్రాయు పనిని భాషా విభాగముల అధ్యాపకులము మేమే చేయగలము. పాత హాజరుపట్టీలు ఆఫీసు బీరువాలో ఉన్నవి. కమిటీవారు సెలవిచ్చిన మరునాడే కూర్చుండి పేర్లు ఎత్తి వ్రాయుటకు మేము సిద్ధముగా ఉన్నాము.